‘బృందం’లో ఎవరెవరు?

“ఇప్పుడు గిరిజన గీతాలు వింటారు. పాడినవారు ఫలానా, బృందం.”

రేడియోలో ఈ మాట వినని గూడెం మా వైపు లేదు. ఆ బృందంలో ఒకడు మా మేనమామ. డోలి వాయించేవాడు. ప్రసారం ఉన్న సాయంత్రం బడిపంతులు గారి అరుగు మీద రేడియో పెట్టించి గూడెమంతా చుట్టూ కూర్చునేది. పాట అయిపోయేది. అనౌన్సర్ మళ్లీ అదే మాట చెప్పి వార్తల్లోకి వెళ్లిపోయేది. “నా పేరు రాలేదేందిరా అల్లుడూ?” అని మామ నన్నే అడిగేవాడు, పెట్టె లోపల నేనే కూర్చున్నట్టు. “బృందమంటే నువ్వే మామా” అనేవాణ్ని. “మేం ఎనిమిది మందిమి పోయినం గదా, అందరికీ కలిపి ఒక్కటే పేరా?” అనేవాడు.

తర్వాత ఆ పనే నా మెడకు చుట్టుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆదివాసీ పాట గురించి, వాయిద్యం గురించి పేపర్లకు రాస్తున్నాను, రేడియోకు కార్యక్రమాలు చేసిపెడుతున్నాను. ఎక్కడా ఉద్యోగిని కాను. అచ్చయిన ముక్క కత్తిరించి, కాగితానికి అతికించి, లైన్లు లెక్కపెట్టి నెలాఖరున పంపితే వచ్చే ‘లైన్ అకౌంట్’ డబ్బులు ఒకటి. కాంట్రాక్టు ఫారం మీద సంతకం పెడితే కొన్నాళ్లకు వచ్చే రేడియో చెక్కు ఇంకొకటి. ఈ రెంటి మధ్య బస్సు చార్జీలు పోను మిగిలేది ఎంతో అడగొద్దు. అయితే ఈ పనికి మనవాళ్ల వైపు నుంచి ఒక చరిత్ర ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు గనుక తెలిసినంత రాస్తున్నాను.

మన పాటను మొదట కాగితం మీద పెట్టింది విలేకరులు కాదు. మానవశాస్త్రం చదివినవారు, అధికారులు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక నిజాం ప్రభుత్వానికి గోండుల గురించి తెలుసుకోవాల్సి వచ్చింది. హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టాడు. ఆయన రాసిన రాజ్ గోండుల పుస్తకం 1948లో వచ్చింది. మరుసటి ఏడు సేతుమాధవరావు గారి ఆదిలాబాద్ గోండుల పుస్తకం. అటు నర్మదా లోయలో ఎల్విన్ సహచరుడు శ్యామరావు హివాలే 1946లోనే ప్రధాన్‌ల మీద ఒక పుస్తకమంతా రాశాడు. గోండుల పురాణాలన్నీ ప్రధాన్‌ల గొంతులో, వాళ్ల కిక్రి తీగ మీద నిలిచినవే. ఏ సాగ ఎవరి నుంచి పుట్టింది, నలుగురి సంతతి ఎవరు, ఏడుగురి సంతతి ఎవరు అన్నది ప్రధాన్ చెబితేనే తెలిసేది. పుస్తకం అట్ట మీద మాత్రం విన్నవాడి పేరు ఉంటుంది. చెప్పినవాడు లోపలి పేజీల్లో ఎక్కడో ఉంటాడు. ఆ పుస్తకాలే లేకపోతే మనకు చాలా తెలిసేది కాదు, అది ఒప్పుకుంటాను. నేను చూపించేది అలవాటు ఎక్కడ మొదలైందన్నది.

ఆ అలవాటు రేడియోకు వచ్చింది. తెలుగు మాట మొదట 1938లో మద్రాసు కేంద్రం నుంచి వినిపించింది. హైదరాబాదులో 1935 నుంచే డెక్కన్ రేడియో ఉండేది, 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. బెజవాడ స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. ఇవన్నీ పట్నాల స్టేషన్లు. అక్కడి మైకు ముందుకు మనవాళ్లు చేరాలంటే రెండు రోజుల ప్రయాణం, దాని పైన ఆడిషన్. ‘బి’, ‘బి హై’, ‘ఏ’ అని గ్రేడులు. తీర్పు చెప్పేవారు శాస్త్రీయ సంగీతంలో పెద్దవాళ్లే కావచ్చు. కానీ హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం బయట నిలబెట్టిన సంస్థ అది. ఊరూరా వాయించే పెట్టెకే ఆ గతి పడితే, శ్రుతిపెట్టెకు కలవని మన పెప్రె, మన కొమ్ము ఏ లెక్కలోకి వస్తాయి?

1986లో ఆదిలాబాద్‌లో స్టేషను వచ్చాక, ఆ తర్వాత కొత్తగూడెంలో వచ్చాక దూరం తగ్గింది. గోండిలో మాట రేడియోలో వినబడటం చిన్న సంగతి కాదు. మా భాష కూడా భాషేనని మా పిల్లలకు ముందు చెప్పింది బడి కాదు, రేడియో.

దూరం తగ్గినా గడియారం తగ్గలేదు. ఒకసారి ఒక స్టేషనుకు మా డోలి కోయ పెద్దాయన్ని తీసుకుపోయాను. వేల్పు కథ. ఇచ్చిన సమయం పద్నాలుగు నిమిషాలు. ముందు పాట మొత్తం తెలుగు అక్షరాల్లో రాసి రెండు ప్రతులు ఇమ్మన్నారు. ఇచ్చాను. పెద్దాయన స్టూడియోలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. గట్ల వరస, ఒక్కో గట్టు ఇంటిపేర్లు, ఆ వేల్పు ఏ ఊళ్లలో ఆగిందీ, ఎవరు మోశారూ. పన్నెండు నిమిషాలు అయినా కథ రాలేదు. అద్దం అవతలి నుంచి చేయి ఊపారు. “తాతా, పేర్లు వదిలేసి కథలోకి రమ్మంటున్నారు” అన్నాను. ఆయన నా వైపు చూసి, “పేర్లు వదిలితే కథ ఎవరిది?” అన్నాడు. రెండోసారి పేర్లు లేకుండానే పాడించాం. ప్రసారమైంది. బాగుందని ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ పని చేయించింది నేనే. స్టేషను వాళ్లను అనేముందు ఇది రాయాలి.

మన దగ్గర పాట పేర్లతో మొదలవుతుంది. పడిగె విప్పి చూపించినా అంతే, బొమ్మల వరసలో ముందు ఉండేది ఎవరి నుంచి ఎవరు అన్నదే. రేడియోలో ముందు కోతపడేది అదే.

పేపర్ల సంగతి వేరు. అక్కడ చోటు ఉంటుంది, కానీ ఋతువుల్లాగా వస్తుంది. రెండేళ్లకొకసారి మేడారం, ఏటా కేస్లాపూర్ నాగోబా, దీపావళికి దండారి. ఆ రోజుల్లో ఫోన్ చేసి “ఏదైనా కలర్‌ఫుల్‌గా పంపండి” అంటారు. గుస్సాడీ నెమలి ఈకల టోపీ రంగుల పేజీకి బాగా కుదురుతుంది. పక్కన పెప్రె ఊదే ప్రధాన్, డప్పు కొట్టే మనిషి ఫొటో చట్రంలోకి రారు. వాళ్లు ఆపితే గుస్సాడీ అడుగు పడదు. దండారి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చుట్టరికంగా పోతుందని, కోలబోడితో ముగుస్తుందని రాస్తే ఆ పేరా కింద నుంచి కోసేస్తారు. కింద నుంచి కోయడం డెస్కు పద్ధతి, అందులో కక్ష ఏమీ లేదు. అందుకే అసలు మాట పైన రాయడం నేర్చుకున్నాను.

నా మొదటి వ్యాసం ఒక ఆదివారం అనుబంధంలో అచ్చయినప్పుడు గర్వంగా ఊరికి తీసుకుపోయి మామకు చదివి వినిపించాను. అందులో “ఒక వృద్ధ కళాకారుడు డప్పు వాయిస్తుండగా” అని ఉంది. అది ఆయనే. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “వృద్ధ అంటే ఎవరింటి పేరు?” అన్నాడు. ఇంకాసేపు ఆగి, “అది డోలిరా, డప్పు కాదు” అన్నాడు. ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో ముందు పేజీ వేరే. పేరు, ఇంటిపేరు, గట్టు, వేల్పు, ఊరు, వాయిద్యం, ఎవరి దగ్గర నేర్చాడు. పాట ఆ తర్వాతే.

పేర్లు అచ్చయిన రోజులు కూడా వచ్చాయి. 2021లో మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి, 2022లో మణుగూరు వైపు కూనవరం సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను కోయలో, తెలుగులో పాడగలిగిన డోలి కళాకారుడు రామచంద్రయ్య గారు. అవార్డు ప్రకటించిన మర్నాడు ప్రతి పేపరుకూ ఆయన గురించి వ్యాసం కావాలి, అదీ సాయంత్రం నాలుగింటికల్లా. అంతకు ముందు అదే మనిషి గురించి పంపితే ‘స్థలాభావం’. 2024 జూన్‌లో ఆయన, అక్టోబరులో కనకరాజు గారు వెళ్లిపోయారు. ఇద్దరి పేర్లూ నిలిచాయి. వాళ్ల వెనక తాళం వేసినవారి పేర్లు చాలా చోట్ల లేవు.

మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్ ప్రధాన్ జన్‌గఢ్ సింగ్ శ్యామ్ విషయమూ చూడండి. భోపాల్ భారత్ భవన్ వాళ్ల కంటపడి 1980లలో పెద్ద చిత్రకారుడయ్యాడు. కళా పేజీల్లో ఆయన్ని ‘కనుగొన్నారు’ అని రాస్తారు. ఆయన వాళ్లది బానా వాయిస్తూ గోండుల వంశాలు పాడిన కులం. ఎవరో వచ్చి కనుగొనాల్సిన అవసరం ఏముంది? 2001లో జపాన్‌లో ఒంటరిగా ప్రాణం తీసుకున్నాడు.

2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మొదలైంది. పెట్టినాయన శుభ్రాంశు చౌధురి, అంతకు ముందు బీబీసీలో పనిచేసినవాడు. అడవిలో ఉన్న మనిషి ఫోన్ చేసి తన మాటో పాటో రికార్డు చేస్తాడు, మిగతావాళ్లు ఫోన్ చేసి వింటారు. అక్కడ మాట్లాడేవాళ్లు మొదట చెప్పేది తమ పేరు, ఊరు. ఎవరూ నేర్పకుండానే! అది మొదటిసారి విన్నప్పుడు మా పెద్దాయన గుర్తొచ్చాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ పాత రికార్డింగ్ కోసం అడిగాను. ఆ టేపు మీద ఎప్పుడో ఇంకేదో కార్యక్రమం ఎక్కించారట, అప్పట్లో టేపులు అలాగే మళ్లీ మళ్లీ వాడేవాళ్లు. ఇక మిగిలింది ఎనిమిది పేర్లు. ఊరూరా అడిగి ఆరు రాసుకున్నాను. ఏడో ఆయన కొమ్ము ఊదేవాడట, చర్ల వైపు మనిషి, ఐదో గట్టు. ఎనిమిదో ఆయన తాళం వేసేవాడని, ప్రయాణంలో అందరికీ అంబలి మోసేది ఆయనేనని మా అత్త చెప్పింది. ఈ సంకలనం చేతికందిన వాళ్లలో ఆ ఇద్దరి తాలూకు వాళ్లెవరైనా ఉంటే నాకు కబురు పెట్టండి.