వైపరు బ్లేడు: ఏటూరునాగారం దారిలో ఒక చిన్న చరిత్ర

హన్మకొండ నుంచి ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయిల మీదుగా ఏటూరునాగారం పోయే దారి సుమారు 100 కిలోమీటర్లు. పస్రా దాటిన తరువాత ఇరువైపులా అడవి. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకీ, 2019లో ములుగు జిల్లాలోకీ మారింది గాని, అక్కడి వాన స్వభావం మాత్రం మారలేదు. వానాకాలపు రాత్రి ఆ దారిన కారు నడిపేవారికి లోకమంతా ముందద్దం మీద వైపర్లు గీసే రెండు అర్ధచంద్రాలలోనే ఇమిడి ఉంటుంది. రోడ్డు నడిమధ్యన తీరుబడిగా పడుకున్న ఎనుము ఆ అర్ధచంద్రంలో సకాలంలో కనబడాలి. కనబడేటట్టు చేసేది మూరెడు రబ్బరుముక్క. దాని చరిత్ర తెలిసినవారికి దాన్ని ఎంచుకోవడం తేలికవుతుందని నా నమ్మకం.

పేరును గురించి ఒక మాట. ‘అద్దపు తుడుపు’ అని తెలుగు చేయాలని నాకూ చేతులు దురద పెట్టాయి. కాని మెకానిక్కు ముందు నిలబడి ఆ మాట అనే ధైర్యం లేదు. అక్కడ చెల్లేవి మూడే మాటలు: వైపరు, బ్లేడు, రబ్బరు. నేనూ వాటినే వాడుతాను.

ఈ పనిముట్టు పుట్టింది మన వానలో కాదు, మంచులో. అమెరికాలోని అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌కు చెందిన మేరీ ఆండర్సన్ అనే ఆవిడ 1902–03 చలికాలంలో న్యూయార్కు వెళ్లింది. అక్కడ ట్రాము నడిపేవాడు మంచు పేరుకున్న ముందద్దాన్ని తెరిచి, ఆ చలిగాలినంతా ముఖాన భరిస్తూ బండి నడపడం చూసింది. తిరిగివచ్చి, లోపల ఒక మీట తిప్పితే బయట స్ప్రింగు పట్టుతో రబ్బరుపట్టీ అద్దాన్ని తుడిచే ఏర్పాటు రూపొందించింది. 1903 నవంబరు 10న దానికి పేటెంటు వచ్చింది. చలికాలం పోగానే ఊడదీసి దాచుకోవచ్చునన్నది ఆ ఏర్పాటులో ఒక సౌలభ్యం. ఈ ముక్కను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

1905లో ఆమె ఆ హక్కులను అమ్మజూపితే, కెనడా సంస్థ ఒకటి దీనికి వ్యాపారపు విలువ లేదని తిప్పి పంపింది. 1920లో పేటెంటు గడువు తీరిపోయింది. కార్లు లక్షలలో రోడ్డెక్కుతున్న కాలం అది. ఆమెకు మాత్రం ఒక్క డాలరూ ముట్టలేదు. 1953లో కన్నుమూసిన ఆవిడకు అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవపీఠంలో చోటు దొరికింది 2011లో. మన వైపు చూస్తే, నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టేనాటికి ఆ పేటెంటు ముగిసి పన్నెండేళ్లు.

చేతిమీట తరువాత వచ్చింది ఇంజను పీల్పుడుతో నడిచే వైపరు. అమెరికాలో బఫెలో నగరపు ట్రైకో సంస్థ దీనికి పెట్టింది పేరు. ఇంజను గాలి పీల్చేటప్పుడు గొట్టంలో ఏర్పడే శూన్యమే దీనికి బలం. చిక్కేమిటంటే, ఎక్సిలేటరు గట్టిగా తొక్కితే ఆ శూన్యం తగ్గిపోతుంది. అంటే ఎత్తు ఎక్కేటప్పుడూ, ముందున్న లారీని దాటేటప్పుడూ, సరిగ్గా చూపు కావలసిన క్షణంలోనే వైపరు నీరసపడేది. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపుకు చేత్తో ఆడించే పిడి ఉండేది. తరువాతి పౌర నమూనాలలో ఈ శూన్యపు వైపరు వచ్చింది. జర్మనీలో బాష్ సంస్థ 1926లోనే కరెంటు వైపరు తెచ్చినా, అది అందరికీ అందడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు మన 1989 కేంద్ర మోటారు వాహన నియమాలలో 101వది, యంత్రబలంతో నడిచే వైపరు తప్పనిసరి అంటుంది.

వైపరు పాడయితే పాతకాలపు లారీ డ్రైవర్లు అద్దానికి పొగాకో, కోసిన ఆలుగడ్డో రుద్దేవారు. నీరు బొట్లుబొట్లుగా నిలవకుండా పలుచని పొరలా జారిపోతుంది. అత్యవసరానికి ఉపాయమే గాని, వైపరుకు బదులు కాదు.

ఇక ముసురు సంగతి. మన ముసురుకు సరిపోయే వైపరును కనిపెట్టినవాడు రాబర్ట్ కెర్న్స్ అనే ఇంజనీరు. 1953లో, పెళ్లినాటి రాత్రి, షాంపేను సీసా బిరడా ఎగిరి తగిలి అతని ఎడమకన్ను చూపు దాదాపు పోయింది. కంటిరెప్ప ఎడతెగకుండా కొట్టుకోదు, ఆగి ఆగి కొట్టుకుంటుంది. వైపరూ అలా ఎందుకు ఆడకూడదన్నది అతని ఆలోచన. 1967లో పేటెంటు వచ్చింది. ఫోర్డ్ సంస్థ 1969లో అటువంటి వైపర్లను కార్లలో పెట్టింది, అతనికి చెల్లింపు లేకుండానే. 1978లో దావా వేశాడు. 1990లో ఫోర్డ్ కోటీ 2 లక్షల డాలర్లిచ్చి రాజీ పడింది, 1992లో క్రిస్లర్ మీదా గెలిచాడు. ఈలోగా కాపురం చెదిరిపోయింది. 2005లో మరణించాడు. ఆగి ఆగి తుడవడం సౌఖ్యం కోసమే అనుకుంటారు చాలామంది. నిజానికి అది రబ్బరు ప్రాణం కూడా కాపాడుతుంది. తడి చాలని అద్దం మీద రబ్బరు అరిగినంత, జడివానలో అరగదు.

బ్లేడు రూపాన్ని మార్చింది మాత్రం అద్దమే. జీపుది బల్లపరుపు అద్దం, దానికి తిన్నని పట్టీ చాలు. అద్దాలు ఒంపు తిరిగాక పట్టీ నడుమ తాకితే కొసలు లేచేవి. అప్పుడు వచ్చింది ఇనుపచట్రం బ్లేడు. ఒక తక్కెడ దండె రెండు కొసలకూ మరో రెండు చిన్న తక్కెడలు తగిలించినట్టు ఊహించుకోండి. చేయి నొక్కే బలం కొమ్మలు కొమ్మలుగా చీలి రబ్బరు పొడవునా సమంగా పంచుకోబడుతుంది. 1999లో బాష్ ఏరోట్విన్ పేరుతో చట్రం లేని చదును బ్లేడు తెచ్చింది. ముందే ఒంపు తీర్చిన ఉక్కుపట్టీ ఒక్కటే రబ్బరును అద్దానికి అదుముతుంది. చట్రం కీళ్లలో మంచు గడ్డకట్టే దేశాలకు అది వరం.

మనకు మంచు లేదు కదా అంటే, దుమ్ముంది. గోదావరి ఇసుక లారీలు తిరిగే రోడ్డు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు కదిలే బండ్ల బారులు. చట్రపు కీళ్లలో చేరేది ఆ దుమ్మే. అయినా పాతకారుకు ఇనుపచట్రం బ్లేడే మేలంటాను. అది ఏ ఒంపుకైనా ఒదుగుతుంది. చదును బ్లేడు ఒంపు మీ అద్దపు ఒంపుతో కలవకపోతే కొసలు గాలిలోనే ఉంటాయి. కొత్తకారు చదును బ్లేడుతోనే వచ్చి ఉంటే దాన్ని మార్చి చట్రానికి పోనక్కరలేదు.

పొడవు కంటితో అంచనా కట్టవద్దు. చాలా కార్లకు డ్రైవరు వైపు బ్లేడు పొడవు, రెండోది పొట్టి. టేపు పట్టి రెండూ కొలవండి. పొడవెక్కువైతే ఒకదానికొకటి తగులుకుంటాయి. చేతి కొసన ఉన్న కొంకీ ఏ రకమో చూసుకోండి, దుకాణంలో గొడవంతా అక్కడే. రబ్బరులో సిలికాను ఖరీదెక్కువ గాని ఎండకు బాగా ఓర్చుకుంటుంది.

ఇప్పుడు మేరీ సౌలభ్యం దగ్గరికి వద్దాం. ఆవిడ అక్కరలేని కాలంలో వైపరును ఊడదీయవచ్చునంది. మనం ఎనిమిది నెలలు ఎండలో అద్దానికి అంటించి ఉంచుతాం. అందుకే మన బ్లేడు వానలో కాదు, రోహిణికార్తెలో చస్తుంది. రబ్బరు అంచు ప్రతి ఊపుకూ అటూ ఇటూ తిరగబడాలి. గట్టిపడినది తిరగబడదు, కిర్రుమని ఎగురుతూ గీతలు వదులుతుంది. వేలితో తడిమితే అంచు పదునుగా ఉండాలి. గుండ్రపడితే మిరుగానికి ముందే మార్చండి. తొలివాన తరువాతి రాత్రి అడవిదారిలో ఉసిళ్లు అద్దానికి కొట్టుకుంటాయి. పొడి అద్దం మీద వైపరు వేస్తే అంతా జిడ్డు పులుముకుంటుంది. ముందు నీళ్లు చిమ్మాలి.

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయిలో ప్రాణాలు తీసింది. అటువంటి వానకు ఏ సంస్థ బ్లేడూ చాలదు. తాడ్వాయి చేరకముందే జోరు పెరిగితే పస్రాలోనే బండి ఆపి, చాయ్ తాగుతూ తెరిపి కోసం చూడవలసిందే.