ఆ కాలిబాట ఎవరిది?

వేసవి సెలవుల ఊసు రాగానే మన ఇళ్ళలో ముందుగా ఇండియా టిక్కెట్ల మాట వస్తుంది. ఇండియా వెళ్ళని ఏడు ఏం చెయ్యాలన్నది ఆ తర్వాతి మాట. కొండలవైపో సముద్రంవైపో వెళ్ళి నాలుగు రోజులు హాయిగా నడిచి రావచ్చు కదా అంటే, "ఎవరి పొలాల్లోకో పోయి మాట పడడం ఎందుకండీ" అనే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వారిని తప్పు పట్టను. ఒకప్పుడు నేనూ ఆ మాటే అన్నవాణ్ణి.

1970ల చివర, మేము ఈ దేశం వచ్చిన కొత్తలో, ఒక ఈస్టర్ సెలవుల్లో డెర్బీషైర్ కొండలకు వెళ్ళాం. మా ఆవిడ పులిహోర పొట్లాలు కట్టింది. చేతిలో పటం ఉంది. పటంలో చుక్కల గీత ఒకటి పొలం మధ్యనుంచి ఏటివైపు పోతున్నది. గేటు తీయబోతుంటే ఒక పెద్దమనిషి ట్రాక్టరు దిగి వచ్చి, ఇది ప్రైవేటు స్థలం అన్నాడు. మెత్తగానే అన్నాడు. మేము "సారీ" చెప్పి, పిల్లల్ని వెనక్కి తిప్పి, కారులోనే కూర్చుని పులిహోర తిని ఇంటిదారి పట్టాం. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. "మనం ఏం తప్పు చేశాం నాన్నా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. "వాళ్ళ దేశం, వాళ్ళ పొలం" అన్నాను.

ఆ జవాబు తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పొలం ఆయనదే. బాట మాత్రం ఆయనది కాదు. మన ఊళ్ళలో గుంటూరు వైపు డొంక అనీ, గోదావరి వైపు పుంత అనీ అంటామే, అటువంటి దారులకు సర్కారు లెక్కలో వేరే జాగా ఉంటుంది. ఇక్కడ అట్లా కాదు. నేల రైతు పేరున ఉంటుంది, దానిమీద నడిచే హక్కు మాత్రం దేశంలో అందరిదీ. నడిచేవాడు ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు వచ్చాడు అన్న ప్రశ్న ఆ చట్టంలో లేదు.

అయితే ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఎన్నో తరాలుగా జనం నడిచిన బాటలను భూస్వాములు కంచెలు వేసి మూసేస్తూ వచ్చారు. "అతిక్రమించినవారు శిక్షింపబడుదురు" అని బోర్డులు పెట్టారు. నిజానికి ఊరికే నడిచిపోయినంత మాత్రాన అది నేరం కాదు, సివిల్ తగాదా మాత్రమే. అందుకే నడక సంఘాలవారు ఆ బోర్డులకు కొయ్య అబద్ధాలు అని పేరు పెట్టుకున్నారు. ఉత్తరాదిన మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల్లో వారమంతా పొగ పీల్చిన కూలివాడికి ఆదివారం కనుచూపు మేరలో కొండలున్నా, ఎక్కడానికి వీల్లేదు. గ్రౌజ్ అనే అడవిపిట్టల వేట కోసం దొరలు వాటిని కాపలా పెట్టి ఉంచుకున్నారు. ఏడాదిలో ఏ కొద్ది రోజులో సాగే వేట కోసం!

1932 ఏప్రిల్ 24, ఆదివారం. హేఫీల్డ్ అనే ఊళ్ళో ఒక పాత రాతి గని దగ్గర కొన్ని వందలమంది యువకులు పోగయ్యారు. వారి ముందు నిలిచినవాడు బెన్నీ రాత్మన్, ఇరవై ఏళ్ళ కుర్రవాడు, మాంచెస్టర్ కార్మికుడు. అందరూ కలిసి డెవన్‌షైర్ డ్యూకు ఏలుబడిలో ఉన్న కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. వేటకాపలాదార్లతో కొంత తోపులాట జరిగింది. కొండమీద షెఫీల్డ్ వైపు నుంచి వచ్చినవారిని కలుసుకుని, తిరిగి అదే దారిన పాడుకుంటూ దిగారు. కింద పోలీసులు కాచుకుని ఉన్నారు. ఆరుగురిని పట్టుకుంటే డెర్బీ కోర్టులో అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. రాత్మన్‌కు నాలుగు నెలలు. నేరం నడవడం కాదు, అల్లరి చెయ్యడమట. తీర్పు చెప్పే పెద్దలలో సైనికాధికారులు, పల్లె భూస్వాములే ఎక్కువ. మన ఉప్పు సత్యాగ్రహం జరిగి అప్పటికి రెండేళ్ళే. నాకు మాత్రం ఆ కథ చదివినప్పుడల్లా ఇదే గుర్తుకొస్తుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆనాటి నడక సంఘాల పెద్దలు చాలామంది ఈ కుర్రవాళ్ళను మెచ్చుకోలేదు. మెల్లగా అర్జీలమీద సాధించుకుంటున్నదంతా పాడుచేశారని కోప్పడ్డారు. ఎవరిది సరైన పద్ధతి అన్న వాదన ఈనాటికీ తెగలేదు. జైలు శిక్షల సంగతి విన్న సామాన్య జనం మాత్రం కుర్రవాళ్ళవైపే మొగ్గారు. యుద్ధం ముగిశాక 1949లో వచ్చిన జాతీయ ఉద్యానవనాల చట్టం కౌంటీ కౌన్సిళ్ళచేత కాలిబాటలన్నీ లెక్క కట్టించి పటాలకెక్కించింది. నేను పట్టుకు తిరిగిన చుక్కల గీత ఆ చట్టం పెట్టిన భిక్ష. 1951లో మొట్టమొదటి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది కిండర్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్‌నే. 2000 చట్టంతో కొండలూ బీడుభూములూ చాలావరకు బాటతో పని లేకుండానే నడవడానికి తెరుచుకున్నాయి. 2002లో, ఆ దండయాత్రకు డెబ్బై ఏళ్ళు నిండిన సభలో, అప్పటి డెవన్‌షైర్ డ్యూకు తన తాతగారి కాలంలో జరిగినదానికి అందరి ఎదుటా క్షమాపణ చెప్పారు. రాత్మన్ ఆ మాట వినలేదు. ఆ ఏడు జనవరిలోనే పోయాడు.

సముద్రపు ఒడ్డున నడిచే దారికి కథ వేరు. అక్కడ బాట వేసింది నడకగాళ్ళు కాదు, సుంకం వసూలు చేసే సర్కారే. పద్దెనిమిదో శతాబ్దంలో టీ, బ్రాందీ, పొగాకుమీద పన్నులు విపరీతంగా ఉండేవి. టీమీద పన్ను నూటికి 119 దాకా పోయిన రోజులున్నాయి. 1784లో దాన్ని పన్నెండున్నరకు దించారు. అంత పన్ను ఉన్నచోట దొంగరవాణా పుట్టక మానుతుందా? కార్న్‌వాల్, డెవన్ తీరాల ఇరుకు రేవుల్లో రాత్రిపూట పడవలు దిగేవి. మచిలీపట్నం వంటి మన రేవులనుంచి యూరపుకు పోయిన అద్దకపు గుడ్డలకు కూడా ఈ కథలో చోటుంది. ఇక్కడి నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని 1721 చట్టం అద్దకపు నూలు బట్టలు కట్టడాన్నీ, ఇంట్లో వాడడాన్నీ నిషేధించింది. 1775లో పేరుమోసిన నటుడు డేవిడ్ గారిక్ భార్యకు కలకత్తా నుంచి కానుకగా వచ్చిన అద్దకపు మంచం తెరలను సుంకంవారు పట్టుకుపోతే, ఆయన పైవారికి ఉత్తరం రాసి బతిమాలుకోవలసి వచ్చింది. ఆ మంచం లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

1822లో కోస్టుగార్డు దళం ఏర్పడింది. రాత్రిళ్ళు కాలినడకన తీరమంతా గస్తీ తిరగడం వారి పని. ఏ మూలన ఏ పడవ దాగిందో చూడాలంటే ప్రతి రేవులోకీ తొంగిచూడాలి. అందువల్ల వారి బాట సముద్రపు అంచునే పట్టుకుని, ప్రతి లోయలోకీ దిగి, మళ్ళీ ఎక్కి పోతుంది. నైరుతి తీరపు బాట అని 1970లలో విడతలు విడతలుగా తెరిచిన 630 మైళ్ళ దారికి మూలం ఇదే. మైన్‌హెడ్‌లో మొదలై పూల్ రేవు దగ్గర ముగుస్తుంది. దారి పొడుగునా ఉన్న ఎక్కుళ్ళన్నీ కలిపితే ఎవరెస్టు శిఖరానికి దాదాపు నాలుగింతలు!

ప్రయాణం వేసుకునేవారికి ఈ చరిత్ర పనికొస్తుంది. మైళ్ళు చూసి మోసపోవద్దు. సెయింట్ ఐవ్స్ నుంచి జెన్నర్‌కు ఆరు మైళ్ళు దాటిన దూరమే. రెండు గంటల్లో పోయొద్దామని బయలుదేరి మేము సగం పూట రాళ్ళమీద పాకాం. పిల్లలూ పెద్దలూ ఉన్నవారు రోజుకు నాలుగు మైళ్ళు చాలనుకుని, ఒక ఊళ్ళో వారమంతా ఉండి, ఒకవైపు నడిచి రెండోవైపు బస్సులో రావడం మేలు. ఏటి ముఖాల దగ్గర పడవ దాటాలి. పడవల వేళలూ, ఆటుపోట్ల వేళలూ ముందే చూసుకోవాలి. బాట గుర్తుగా రాళ్ళమీద, కొయ్యలమీద ఓక్ గింజ బొమ్మ ఉంటుంది.

ఫ్రాన్సులో బ్రిటనీ తీరపు బాటదీ ఇదే పుట్టుక. దాని పాత పేరే సుంకంవారి బాట. అక్కడ 1976 చట్టం సముద్రం అంచున ఉన్న ప్రైవేటు స్థలాల్లో కూడా మూడు మీటర్ల వెడల్పున నడిచేవారికి దారి విడవాలని చెప్పింది. ఇక నడవడానికి తీరికంటారా, ఫ్రెంచి కార్మికులకు 1936లో సమ్మెల తర్వాత రెండు వారాల జీతపు సెలవు దక్కింది. ఇక్కడ 1938 చట్టం ఒక వారానికి దారి వేసింది. అంతకుముందు సముద్రపు ఒడ్డున నెలల తరబడి గడపడం ఉన్నవాళ్ళ వైద్యం. 1750లలో డాక్టర్ రిచర్డ్ రస్సెల్ రోగులను బ్రైటన్ రప్పించి, ఉప్పునీట ముంచడమే కాక ఆ నీరు తాగించేవాడు కూడా. మన సంఘంలోని వైద్యమిత్రులు ఈ చికిత్సను అనుసరించరని ఆశిస్తాను.

పోయిన వేసవిలో మనవరాలిని వెంటబెట్టుకుని ఆ డెర్బీషైర్ పొలానికి మళ్ళీ వెళ్ళాను. గేటు మారింది, కొయ్యది పోయి ఇనుపది వచ్చింది. దాని పక్క స్తంభానికి పసుపు బాణం గుర్తు కొట్టి ఉంది. దూరంగా ట్రాక్టరు మీద ఎవరో చెయ్యి ఊపారు, మేమూ ఊపాం. ఏటిదాకా నడిచి అక్కడ పులిహోర తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు గేటుకు గొళ్ళెం పెట్టడం మా పిల్ల మరిచిపోయింది. గొర్రెలు రోడ్డుమీదికి వస్తాయని చెప్పి, వెనక్కి వెళ్ళి నేనే పెట్టి వచ్చాను.