పాతబడని ఫ్యాషన్

ఫ్యాషన్లంటే నాకు కోపమేమీ లేదండీ, విసుగే. మా అమ్మ బుట్టచేతుల రవికెలు తొడిగేది. నేను కాలేజీకెళ్లే నాటికి అవి పాతచింతకాయ పచ్చడి అయిపోయాయి. నా పెళ్లినాటికి వాణిశ్రీ ముడి లేకపోతే ఆడపిల్లే కాదన్నట్టు! సవరాల బరువుకి నా మెడ పట్టేసింది. తర్వాత కనుబొమలు దారంతో లాగించి సన్నటి గీతల్లా చేసుకోవడం వచ్చింది. ఇప్పుడు మా మనవరాలు ఒత్తుగా కనబడాలని అదే కనుబొమల్ని పెన్సిలుతో దిద్దుకుంటోంది. "లాగించినవన్నీ దాచి వుంచితే నీకు పనికొచ్చేవి కదే!" అన్నాను.

ఇలా వచ్చిపోయే వాటితో నాకు పేచీ లేదు. వచ్చి, మళ్లీ కదలకుండా తిష్ఠ వేసుక్కూచున్నది ఒకటుంది. అదే తెల్లబడాలన్న పిచ్చి.

ఇది మన ఒక్కళ్లకే వుందనుకునేరు! ఇంగ్లాండు రాణి మొదటి ఎలిజబెత్‌కి 1562లో మశూచి సోకింది. మచ్చలు కనబడకుండా ఆవిడ ముఖానికి తెల్లటి పూత వేసుకునేదని చెబుతారు. ఆ రోజుల్లో దొరసానులు వాడిన పూత ఏమిటనుకున్నారు? సీసపు రేకులకి వెనిగర్ ఆవిరి పట్టిస్తే పేరుకునే తెల్లపొడి. ఒకప్పుడు తలుపులకి వేసే రంగుల్లో కలిపిన సరుకు! సీసం విషం కదా, చర్మం పాడయ్యేది. పాడైంది కనబడకుండా మరికాస్త మందంగా పూసేవారు.

రెండొందల ఏళ్లు గడిచినా బుద్ధి రాలేదు. మరియా గన్నింగ్ అని, ఐర్లండు నుంచి వచ్చిన అందగత్తె, 1752లో కొవెంట్రీ ప్రభువుని పెళ్లాడింది. ప్యారిస్‌లో ఓ విందులో ఆయన భార్యని బల్లచుట్టూ తరిమి పట్టుకుని, రుమాలుతో ముఖం మీద రంగంతా తుడిచేశాడట! అయినా ఆవిడ మానలేదు. 1760లో, చిన్న వయసులోనే కన్నుమూసింది. ఆ పూతే పొట్టన పెట్టుకుందంటారు.

"పాపం, తెలియని రోజులు" అనేస్తాం మనం. అన్నీ తెలిసిన మనం చేసిందేమిటి? 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. 2020లో ఆ పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టారు. పేరైతే మారింది గానీ, మన చూపు మారిందంటారా?

ఇక ఊరూ పేరూ సరిగా లేని క్రీముల సంగతి మరీ ఘోరం. 2023లో కేరళలో, మలప్పురం వైపు మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే, తెల్లబడే క్రీములు వాడుతున్నట్టు బయటపడింది. వాటిలో పాదరసం! అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా అడ్డుపడుతుంది. అంతటితో ఆగక రక్తంలోకి దిగి మూత్రపిండాల్ని పట్టుకుంటుంది. పూసింది ముఖానికి, పోయింది లోపలికి!

ఇంత చెబుతున్నాను గానీ, నేనేమంత బుద్ధిమంతురాల్ని కాదు. మా అమ్మాయిది చామనఛాయ. పెళ్లిచూపులకి మూడు నెలల ముందునుంచి రోజూ రాత్రి నేనే కూచోబెట్టి క్రీము రాసేదాన్ని. ఓ రాత్రి అది మెల్లిగా, "అమ్మా, ఇలా వుంటే నీక్కూడా నచ్చనా?" అంది. "చాల్లే, కదలకు" అన్నాను. జవాబు మాత్రం చెప్పలేదు.

మా మనవరాలికీ అదే రంగు వచ్చింది. మొన్న ఓ చుట్టపావిడ దాన్ని చూసి, "కళగల మొహం. రంగే కాస్త..." అని నసిగింది.

"రంగుకేమండీ, నిక్షేపంలా వుంది. కాఫీ చల్లారిపోతోంది, తీసుకోండి" అన్నాను.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా అమ్మాయి నావంకే చూస్తోంది. నేనే తల దించుకున్నాను. ఆ మాట అనడానికి నాకు ముప్పయ్యేళ్లు పట్టింది మరి.