గుంట ఓనమాలు, తాలుకాయలు

మా ఊళ్లో పెద్దవాళ్లు పిల్లల్ని "రాస్తున్నావా?" అని అడిగేవాళ్లు కాదు, "ఓనమాలు దిద్దుతున్నావట్రా?" అనేవాళ్లు. దిద్దడం వేరు, రాయడం వేరు. ఇంకొకరు గీసిపెట్టిన గాడిలో వేలు పెట్టి, ఆ గాడి పోయిన దారినే పోవడం దిద్దడం. నేలమీద ఇసుక పరిచి పంతులుగారు లోతుగా ఒక అక్షరం గీస్తే, ఆ గుంట వెంబడి పిల్లవాడి వేలు పదిసార్లు, నూరుసార్లు తిరిగేది. అందుకే అవి గుంట ఓనమాలయ్యాయి. మా నాన్న అలాగే దిద్దాడు. పలక ఆయన చేతికి ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

అమరావతి దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లపైన అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయాను. చేరిన కొత్తల్లో తనిఖీకి వచ్చిన ఒక అధికారి రిజిస్టరులో "పిల్లలు ఆడుకొనుచున్నారు, బోధన జరుగుట లేదు" అని రాసి సంతకం పెట్టి వెళ్లారు. ఆయన వచ్చేసరికి నలుగురు పిల్లలు రేకు పళ్లెంలో కృష్ణ ఇసుక పోసుకుని "ఈ" మీద తగవులాడుతున్నారు. ఆ వాక్యం నన్ను చాలాకాలం పొడిచింది. వేటపాలెంలో చుట్టాలింటికి వెళ్లినప్పుడల్లా సారస్వత నికేతనంలో కూర్చుని పాత పుస్తకాలు తిరగేసే అలవాటు అప్పుడు పట్టుకుంది. 1918 నాటి గ్రంథాలయం అది. ఈ ఇసుక ఎక్కడిదో తేల్చుకోవాలని నా పంతం.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బళ్లెన్ని, చదివేవాళ్లెందరు అని కలెక్టర్లను లెక్క అడిగాడు. గుంటూరు జిల్లా నుంచి 574 బళ్లని జవాబు వెళ్లింది. అంకెలు పంపి ఊరుకోని వాళ్లలో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ ఒకడు. 1823లో పంపిన నివేదికలో బడి లోపలికి వెళ్లి చూసినట్టే రాశాడు. పిల్లవాడు బళ్లో చేరగానే ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకుంటాడు, యూరప్‌లోలాగా వల్లె వేస్తూ కాదు, అంటాడు. చెయ్యి తిరిగాకే తాటాకు మీద గంటం, కాగితం మీద కలం.

క్యాంబెల్ కంటే ముందే ఆ ఇసుక ఓడెక్కింది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకునే ఆండ్రూ బెల్ అనే మతగురువు, ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి తన ఆశ్రమంలోనూ పెట్టించాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం ఆ పద్ధతికి రెండో కాలు. 1797లో లండన్‌లో దానిమీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో బీదపిల్లల బళ్లలో ఇసుక బల్లలు వెలిశాయి, ఆ చదువుకు "మద్రాసు పద్ధతి" అని పేరు. మన వీధిబడిని వాళ్లు మెచ్చింది మాత్రం పిల్లవాడి ఆనందం చూసి కాదు. కాగితం ఖర్చు లేదు, పంతుళ్ల జీతాలు మిగులుతాయి. పొదుపు చూసి మెచ్చారు.

వీధిబడి బంగారమని నేను చెప్పబోవడం లేదు. మా తాత చెప్పే "శ్రీ, చుక్క" సంగతి క్యాంబెల్ కూడా ఎక్కించాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. చేతులకు తాడు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం కూడా ఆ కప్పు కిందే ఉంది. ఆటంటే ఏడాదికోసారి దసరాకి. రంగుకాగితాల విల్లంబులు పట్టుకుని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరగడం, పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి కానుక. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ అరుగు మీద ఆడపిల్లలు దాదాపు లేరు, ఊరి చివరి గూడెం పిల్లలూ లేరు.

మరి ఆడపిల్లలు లెక్క ఎక్కడ నేర్చుకున్నారు? మా నాయనమ్మకు సంతకం రాదు. కానీ పత్తి కాటా దగ్గర ఆమెను దాటి ఒక్క వీశె పోయేది కాదు. మణుగుకు ఎనిమిది వీశెలు, ఇంత ధర, ఇంత తరుగు అని గుమాస్తా కలం తీసేలోపు నోటితో తేల్చేది. ఆమె బడి మా వసారాలో మట్టినేల మీద ఉండేది. రెండు వరసల్లో ఏడేసి, మొత్తం పద్నాలుగు గుంటలు, ఒక్కోదాంట్లో ఐదేసి చింతపిక్కలు. ఒక గుంటలోవి చేతిలోకి తీసి వరసగా ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే దాన్ని చేత్తో తుడిచి, అవతలి గుంటలోవి ఊడ్చుకోవాలి. ఎక్కడ ఎత్తితే ఎక్కడ ఖాళీ తగులుతుందో ముందే తెలిసినవాళ్లదే గెలుపు. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టడం నేను చూడలేదు. గుంట వంక ఒక చూపు, అంతే. నేను వేళ్లు మడుస్తుంటే "పిక్కల్ని లెక్కపెట్టకే, గుంట బరువు చూడు" అనేది. ఎగురుతూ పట్టే అచ్చనగాయల్లోనూ అంతే, కంటికీ చేతికీ మధ్య నోటికి పనిలేదు.

మగపిల్లలకు బళ్లో గుంట ఓనమాలు, ఆడపిల్లలకు ఇంట్లో వామనగుంటలు. మొదటిదాన్ని చదువన్నారు, రెండోదాన్ని పొద్దుపోకన్నారు. ఆ అధికారి నా రిజిస్టరులో రాసింది ఈ పాత తీర్పే.

(మధ్యలో ఒక మాట. అమరావతి శాసనంలో దొరికిన "నాగబు" అనే మాటను తొలి తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. అదీ రాతిలో తవ్విన గుంటే. పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తే వేలు పెట్టి దిద్దబోయారు. కాపలా మనిషి కసిరాడు. తప్పు ఆయనదీ కాదు, పిల్లలదీ కాదు.)

1907లో రోములో బీదపిల్లల కోసం ఇల్లు తెరిచిన మరియా మాంటిస్సోరి గరుకు కాగితం అక్షరాలు కత్తిరించి, వాటిమీద పిల్లల వేళ్లు నడిపించింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో పంతుళ్లకు శిక్షణ ఇచ్చింది, బెల్ ఇసుక చూసిన ఊళ్లోనే. మనకు కృష్ణ అవతల, విజయవాడలో, వేగే కోటేశ్వరమ్మగారు 1955లో ఆవిడ పేరుతోనే బడి పెట్టారు. అది డబ్బున్న పిల్లలకు చేరిందనేది నా ఫిర్యాదు కాదు. చేరాల్సిన మిగతావాళ్లకు 1975 అక్టోబరు 2 దాకా పెద్దగా ఏమీ లేదనేదే. ఆరోజు దేశంలో 33 చోట్ల అంగన్‌వాడీ పథకం మొదలైంది. అంగన్ అంటే వాకిలి. పేరు మాత్రం బాగా పెట్టారు.

మా కేంద్రానికి వచ్చేది మిరప కూలీల పిల్లలు. సంక్రాంతి దాటాక కోతలు ముమ్మరమైతే తల్లులు చీకటితోనే వెళ్లిపోతారు. పిల్లలు కల్లాల్లో పొర్లి ఎర్ర దుమ్ముతో వస్తారు. కళ్లు నులుముకోకుండా ముందు చేతులు కడిగించాలి, ఆ తర్వాతే ఏ చదువైనా. శిక్షణలో మాకు రంగులు వేరుచేసే ఆట నేర్పారు. ఎర్ర గుండీలు ఒక గిన్నెలో, పసుపువి ఒక గిన్నెలో. నాలుగేళ్ల పిల్లాడొకడు మూడో గిన్నె అడిగాడు. వెలిసిపోయిన ఎర్ర గుండీలు రెండు ఏరి అందులో వేశాడు. "అవీ ఎరుపే కదరా" అని తీసి ఎర్రవాటిలో కలిపాను. వాడు మళ్లీ తీశాడు.

"కాదు టీచరమ్మా, అయ్యి తాలు."

రంగు తప్పి తెల్లబారిన మిరపకాయ తాలుకాయ. మేలుకాయలో అది కలిస్తే గుంటూరు యార్డులో బస్తా ధర పడిపోతుంది. వాళ్లమ్మ కల్లంలో రోజంతా చేసేది ఆ ఏరుడే. వాడు పక్కన ఆడుకుంటూ నేర్చాడు. నా శిక్షణ పుస్తకంలో ఆ గిన్నె లేదు. మర్నాటి నుంచి మూడు గిన్నెలు పెట్టాను.

పక్క ఊరి కాన్వెంటు బస్సు వచ్చాక మూడేళ్ల వాళ్లు టైతో వెళ్లడం మొదలైంది. మా పిల్లలు సగమయ్యారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం చిన్నపిల్లలకు ఆటే చదువు అని అచ్చేసినప్పుడు నాకు సంతోషం కంటే నవ్వు ముందొచ్చింది. ఆ పాత రిజిస్టరు ఏ బీరువాలో ఉందోగానీ.

2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగాక మా రోడ్డు మీద ఇసుక లారీల వరస మొదలైంది. ఇసుకకు కాపలా, చీటీ, ధర అన్నీ వచ్చాయి. ఒక్క పళ్లెం ఇసుక కోసం ఇల్లు కట్టుకునేవాళ్ల గుమ్మం ముందు నిలబడి అడుక్కున్నాను. జల్లించి, కడిగి, ఎండబెట్టి నాలుగేళ్లు అదే వాడాను.

నేను దిగిపోయేనాటికి కేంద్రానికి ప్లాస్టిక్ బొమ్మల పెట్టె వచ్చింది, మంచిదే. రేకు పళ్లెం ఎవరికీ అక్కర్లేకపోతే ఆయా అడిగి పట్టుకెళ్లింది. మొన్న మాఘంలో వాళ్లింటికి వెళితే డాబా మీద ఆ పళ్లెం నిండా తాలుకాయలు ఎండుతున్నాయి. ఇంటి వాడకానికట. ఆయా మనవరాలు పక్కన గొంతుక్కూర్చుని, కాస్త ఎర్రగా ఉన్నవి ఏరి వేరే పెడుతోంది.