బావిగట్టు పుల్లకాయ

ఇటు జరుగమ్మా, పొగ అటే కొడుతోంది. ఒరే, ఎండు రెమ్మలే వెయ్యి, పచ్చివి వేస్తే కళ్ళు మండుతాయి. మంట పెద్దది చెయ్యకండి, పైన పూత ఉంది. ఈ ఏడు భోగికే తోటంతా పూతెక్కింది. మంచు పడకపోతే, తేనెమంచు పురుగు పట్టకపోతే, గాలిదుమ్ము లేవకపోతే... ఇన్ని "పోతే"లు దాటాకే కాయ.

పొద్దున మీ నాన్న అడిగాడు, ఈ తోట విలువెంత ఉంటుంది నాన్నా అని. ఎకరం ధర కావాలంటే రోడ్డు మీద టీ కొట్టులో అడిగినా చెబుతారు. నన్నెందుకూ అడగడం?

ఇవి మా తాత పెట్టిన మామిడి చెట్లు. అప్పట్లో ఇక్కడ నూజివీడు జమీందార్ల ఏలుబడి. 1948లో చట్టం వచ్చి జమీలు పోయాయి. రసాల పేరు మాత్రం పోలేదు. మొన్న 2022లో మనల్ని కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరులో కలిపారు. చిన్నరసానికి ఆ కబురింకా అందలేదు, ఎప్పట్లాగే కాస్తోంది!

ఎర్ర గరప నేల. తాత 40 అడుగులకో గుంట తీసి, ఎకరానికి 27 మొక్కలు పెట్టించాడట. ఇప్పుడు అదే ఎకరంలో 160 దాకా పెడుతున్నారు. అప్పుడు ఊళ్ళో వాళ్ళు నవ్వారట, అంత ఖాళీ ఎవడి కోసమయ్యా అని. చెట్లు ఎదిగేదాకా ఆ ఖాళీలో పెసలు, అలసందలు పండించాడు. ఇప్పుడు చూడండి, కొమ్మకు కొమ్మ తగులుతోంది.

అంటు కట్టడం మీరు చూడలేదు కదూ. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదమ్మా. ఏదో ఒక మామిడి వస్తుంది, తల్లి గుణం రాదు. అందుకని టెంక మొక్కని కుండలో పెంచి, తల్లిచెట్టు పక్కన మంచె కట్టి, కుండని కొమ్మ దాకా ఎక్కించేవాళ్ళు. మొక్కకీ కొమ్మకీ ఒక్క పొడుగున చెక్కు తీసి, రెంటినీ ఆనించి, అరటినారతో బిగించి, పైన మట్టి మెత్తేవాళ్ళు. రెండు మూడు నెలలకి అతుక్కునేది. అప్పుడైనా తల్లి నుంచి ఒక్కసారిగా కొయ్యకూడదు. ఇవాళ ఒక గాటు, పదిరోజులాగి ఇంకో గాటు. అంటే చూడు, మీ హైదరాబాదులో బేనిషాన్ అని కొనుక్కునే కాయా, మన గేటు దగ్గర బంగినపల్లి చెట్టూ ఎప్పటిదో ఒక్క చెట్టు కొమ్మలే. చేతులు మారుతూ ఇక్కడిదాకా వచ్చింది.

మంచె మీద కుండలకి రోజూ నీళ్ళు పొయ్యడం నా పని. ఒకసారి మేనమామ పెళ్ళికెళ్ళి నాలుగురోజులు ఆటల్లో మరిచిపోయా. తిరిగొచ్చేసరికి తొమ్మిది అంటులు ఎండిపోయాయి. తాత కొట్టలేదు, తిట్టలేదు. ఆ తొమ్మిది కుండలూ దింపించి నా మంచం పక్కన వరసగా పెట్టించాడు. నెలరోజులు వాటి మధ్యే పడుకున్నా.

ఆయన పోయే ముందు కూడా తోట లెక్కే. పోయినవాళ్ళకి మామిడి కట్టె వెయ్యడం మన వైపు ఆనవాయితీ కదా. మా నాన్నని పిలిచి, "ఉత్తరం వైపు కలెక్టరు మామిడి చెట్టు కాపు తగ్గింది, అది కొట్టించు. రసాల జోలికి పోకు" అన్నాడు. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. అక్కడ మొక్క పెట్టడానికి మా నాన్నకీ చేతులు రాలేదు, నాకూ రాలేదు.

పక్కతోట పామాయిలైంది. తప్పనను. పక్షానికోసారి గెల కోసుకుంటాడు, పూత మీద మంచు పడిందని రాత్రంతా మేలుకోడు. కానీ అందులో జలాలు మామిడి చెట్టొకటి ఉండేది, చుట్టుపక్కల అలాంటిది నేనెరగను. కొట్టేస్తున్నారని తెలిసి పరుగెత్తాను. నే వెళ్ళేసరికి కొమ్మలన్నీ నేల మీద వాడిపోయి ఉన్నాయి, అంటుకి ఒక్కటీ పనికిరాలేదు. ఆ రుచి ఎలా ఉండేదని అడిగితే ఏం చెప్పను, తియ్యగా ఉండేదని తప్ప?

మనకీ అలాంటిదొకటుంది, బావిగట్టు పుల్లకాయ. దానికి పేరు లేదు. ఎవరో కాయ తిని టెంక విసిరేస్తే మొలిచింది. తోటని ఏటా పూత మీదే గుత్తకిస్తామా, ఆ ఒక్క చెట్టు మాత్రం మినహాయింపు. మీ నాయనమ్మ ఆవకాయకి ఇంకో కాయ ముట్టేది కాదు. ఏడాది తిరిగొచ్చినా ముక్క మెత్తబడదు. మీ అత్తలు పుట్టింటికొచ్చేది నా కోసమని నేననుకునేవాణ్ణి. జాడీలు వెంట తెచ్చుకోవడం చూశాక ఆ భ్రమ పోయింది.

బావి పక్కన సంచుల్లో మొక్కలు చూశారా? పోయిన జూన్‌లో నేను పాతిన టెంకలు. ఆషాఢానికి పెన్సిలంత లావవుతాయి. అప్పుడు పుల్లకాయ చెట్టుకి మంచె కట్టాలి. ఇప్పుడంతా పుల్ల కోసి నేల మీదే కట్టేస్తున్నారనుకో, నాకొచ్చింది మాత్రం ఇదే. అంత ఎత్తు ఎక్కడం నావల్ల కాదు. అప్పటికి మీకు సెలవులుంటాయా? లేకపోతే శని ఆదివారాలైనా చాలు. నీళ్ళు మాత్రం రోజూ పొయ్యాలి, ఆ సంగతి నాకు వదిలెయ్యండి, ఇప్పుడు మరిచిపోనులే.

చాలు, పదండి. ఒరే, ఆ బిందెడు నీళ్ళు తెచ్చి బొగ్గుల మీద పొయ్యి. ఇంకొంచెం, ఆ మూల ఇంకా ఎర్రగా ఉంది.