పిట్ట అడ్డొచ్చిన వేళ

పక్షిని చూసే మనిషి ఎగరడం నేర్చుకున్నాడంటారు. మరి ఆ గురువుగారికి మనం ఇచ్చిన దక్షిణ? రైట్ సోదరుల్లో చిన్నవాడు ఆర్విల్, అమెరికాలోని డేటన్ దగ్గర ఇంకా సాధన చేస్తున్న రోజుల్లో, 1905 సెప్టెంబరు 7న మొక్కజొన్న చేను మీద పిట్టల గుంపును రెండు చుట్లు తరిమి, ఒకదాన్ని చంపానని డైరీలో రాసుకున్నాడు. పాపం, అది పై రెక్క మీద పడి, ఆయన మలుపు తిప్పేదాకా అక్కడే ఉందిట!

ఆరేళ్ల తర్వాత అదే డేటన్‌లో కాల్ రోడ్జర్స్ అనే ఆయన 90 నిమిషాల పాఠంతో విమానం నేర్చాడు. చిన్ననాటి జ్వరం వల్ల చెవులు సరిగా వినపడవు. అయినా ఆ 1911లోనే అమెరికాని ఈ తీరం నుంచి ఆ తీరానికి 84 రోజుల్లో దాటాడు. విడిభాగాలు నింపుకున్న రైల్లో భార్య మేబెల్ వెంట వెళ్లింది. దారిలో ఎన్నిసార్లు కూలాడో, ఎన్నిసార్లు అతికించుకుని లేచాడో! ఆవిడ రైలు కిటికీలోంచి ఆకాశంకేసి ఎలా చూసి వుంటుందో మనకి ఒకరు చెప్పాలా?

అన్నీ గట్టెక్కినవాడు, 1912 ఏప్రిల్ 3న లాంగ్‌బీచ్‌లో సముద్రపక్షుల గుంపులోకి దూసుకెళ్లాడు. ఒక పక్షి విమానాన్ని తిప్పే తీగల్లో ఇరుక్కుందంటారు. ఒడ్డు దగ్గరే, లోతులేని నీళ్లలో కూలిపోయాడు. పక్షి తగిలి పోయిన మొదటి వైమానికుడు ఆయనేనని చెబుతారు. అప్పటికి 33 ఏళ్లు.