ఆకాశవాణి పండుగ ప్రసారాలు – ఉత్తరాంధ్ర జానపద గానం

తెలుగునాట ఆకాశవాణికి పండుగలతో విడదీయరాని సంబంధం ఉంది. 1948లో ప్రారంభమైన విజయవాడ కేంద్రం ద్వారా ఉషశ్రీ చేసిన భద్రాచల సీతారామ కల్యాణ వ్యాఖ్యానం ఇంటింటికీ చేరింది. ఉగాది కవిసమ్మేళనం, ధనుర్మాసపు తిరుప్పావై గానం శ్రోతల పంచాంగంలో భాగమయ్యాయి. 1963లో విశాఖపట్నం కేంద్రం ఏర్పడడంతో ఉత్తరాంధ్ర జానపద గానానికి చేరువలోనే ఒక వేదిక లభించింది.

అయితే ప్రతి వేదికా తనదైన షరతులు విధిస్తుంది. రొమ్ముకు కట్టుకున్న గుళ్లను చరుస్తూ, వలయంగా అడుగులు వేస్తూ ఆడే తప్పెటగుళ్లలో రేడియోకు అందేది పాట, లయ మాత్రమే. రాత్రంతా సాగే జముకుల కథ స్టూడియోలో నిర్ణీత వ్యవధికి ఒదగాలి. సభను బట్టి కథను పెంచే స్వేచ్ఛ అక్కడ కథకునికి ఉండదు. గ్రామదేవత పండుగ తేదీ ఊరికొకటి. ప్రసార పట్టిక అందరికీ ఒకటే. కనుక సంక్రాంతి, ఉగాది వంటి ఉమ్మడి పండుగలకు అమరినంతగా ఊరి పండుగలకు ఈ మాధ్యమం అమరదు.

నేడు ఈ ప్రసారాలు మొబైల్ ద్వారా వలస వెళ్లినవారికీ అందుతున్నాయి. పాత ధ్వనిముద్రణలు మాండలిక, సంగీత చరిత్రలకు విలువైన ఆధారాలు. వాటిని సమగ్ర ప్రదర్శనలుగా గాక, మాధ్యమం అనుమతించిన భాగాలుగా పరిశీలించినప్పుడే ఆ చరిత్ర సరిగా బోధపడుతుంది.